ఒషావా ట్రిప్: పాంటియాక్ బానెట్ కింద షెవీ ఇంజిన్

బ్రాంప్టన్‌లో ఉండే మా బావ ఎప్పట్నుంచో పాత కెనడియన్ పాంటియాక్ (జీఎం కంపెనీ కారే) కొంటా కొంటా అంటున్నాడు, సరే కొనేముందు అసలు కారు ఎలా ఉండాలో చూసొద్దాం పద అని లాంగ్ వీకెండ్‌లో నేనే లాక్కెళ్లా.

మొదటి రోజు టొరంటో దగ్గర్లోని ఒషావా, జీఎం కెనడా ఊరు. సిమ్‌కో స్ట్రీట్‌లో కెనడియన్ ఆటోమోటివ్ మ్యూజియం, 1963లో పెట్టారు, అదే ఒకప్పుడు కార్ల షోరూమ్ అట. పెద్ద హంగామా ఏం ఉండదు, కార్లు ఇరుకిరుగ్గా పెట్టారు, కానీ దగ్గరగా చూడొచ్చు, రెండు గంటలు చాలు. జీఎం కెనడాని నడిపిన మెక్‌లాఫ్లిన్ గారి 55 గదుల పార్క్‌వుడ్ బంగ్లా కూడా చూశాం, తోటలు బావున్నాయి అంతే. రాత్రి స్టే మాత్రం దండగ, 401 హైవే పక్కనే మోటెల్, తెల్లార్లూ లారీల మోత, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అని చెప్పి కవర్లో రెండు మఫిన్లు పెట్టిచ్చారు. టొరంటో వాళ్లయితే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి.

అసలు మజా రెండో రోజు, బ్యారీ వైపు స్వాప్ మీట్‌లో, అంటే పాత కార్లు, పార్టుల సంతలో. 1966 బ్యూమాంట్ (కెనడాలో పాంటియాక్ డీలర్లే అమ్మిన కారు) ఒకటి బానెట్ ఎత్తి పెట్టారు, చూస్తే ఆరెంజ్ రంగు షెవీ, అదే షెవ్రొలే, ఇంజిన్! పాంటియాక్ ఇంజిన్ నీలం కదా, మార్చేశారు బావా అన్నా పెద్ద తెలిసినట్టు. పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దాయన పకపకా నవ్వాడు. ఇక్కడ అదే ఒరిజినల్ అట. 1965లో కెనడా, అమెరికా మధ్య కార్ల సుంకాలు ఎత్తేసిన ఆటో పాక్ట్ ఒప్పందానికి ముందు బోర్డర్ దాటితే సుంకాలు, కెనడా మార్కెట్ చిన్నది, అందుకని షెవీ ఛాసిస్, షెవీ ఇంజిన్ మీద పాంటియాక్ బాడీ తొడిగేవాళ్లు, ఆ తర్వాత కొన్నేళ్లూ అదే పద్ధతి. ఆ పాంటియాక్‌లలో స్ట్రాటో-చీఫ్ చవకది, లారెన్షియన్ మధ్యది, పరిసియెన్ పైది. వెనక నుంచి చూస్తే చక్రాలు బాడీ లోపలికి నక్కినట్టుంటాయి, అమెరికా పాంటియాక్‌లకి ఉండే వైడ్-ట్రాక్, అంటే చక్రాల మధ్య ఎక్కువ వెడల్పు, ఇక్కడ లేదు మరి. బ్యూమాంట్ అయితే షెవీ వాళ్ల షెవెల్ కారుకి చుట్టం, డ్యాష్‌బోర్డ్ మాత్రం అమెరికా పాంటియాక్ టెంపెస్ట్‌ది. అమెరికన్ పుస్తకం చేత్తో పట్టుకుని చూస్తే కరెక్ట్‌గా ఉన్న కారే తప్పుగా కనిపిస్తుంది.

ఇంకో కారు దగ్గర ఎస్‌డీ అంటే స్పోర్ట్ డీలక్స్, ఖరీదైన స్పోర్టీ మోడల్ అని ధర వాయిస్తున్నారు, బావ అప్పటికే అడ్వాన్స్‌కి జేబులో చెయ్యి పెట్టేశాడు. పెద్దాయనే టార్చి వేసి బ్యాడ్జి వెనక లోపలి వైపు చూపించాడు, బోల్ట్ కన్నాల అంచుల్లో పెయింట్ లేదు, ఇనుము తళతళా మెరుస్తోంది, అంటే నిన్నో మొన్నో డ్రిల్ చేసిందే. జీఎం కెనడా వింటేజ్ వెహికల్ సర్వీసెస్‌కి డబ్బు కట్టి విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) పంపితే 1945 నుంచి వాళ్ల రికార్డుల్లో ఉన్నవి పేపర్ మీద ఇస్తారు, అది చూడకుండా ఎస్‌డీ అన్న మాటకి పైసా ఇవ్వొద్దన్నాడు. అమ్మేవాణ్ణి ఆ పేపర్ అడిగితే ఇంట్లో ఉంది అన్నాడు.

బావ వారం తర్వాత ఫోన్ చేశాడట, పేపర్ ఇంకా దొరకలేదు, ధర మాత్రం అదే.