డెమో కారా, సెకండ్ హ్యాండ్ కారా?

ధర: డెమో కారు, అంటే షోరూంలో టెస్ట్ డ్రైవ్‌లకు వాడిన కారు, కొత్తదానికన్నా చవక. కానీ నాలుగేళ్లు వాడిన కారంత తక్కువకు రాదు.

వాడకం: డెమో కారు తిరిగింది కొద్ది వేల కిలోమీటర్లే అయినా, నడిపినవాళ్లు వందమంది. క్లచ్, బ్రేకులు, టైర్లు మీ మెకానిక్‌కే చూపించండి. ఒకే ఇంట్లో జాగ్రత్తగా వాడిన పాత కారు ఇంతకన్నా నయంగా ఉండొచ్చు. సర్వీస్ రికార్డు అడగండి.

కాగితాలు: చాలామంది పొరపడేది ఇక్కడే. డెమో కారు డీలర్ పేరు మీద రిజిస్టరై ఉంటే ఆర్‌సీలో మీరు రెండో ఓనర్. రేపు అమ్మేటప్పుడు ఆ మేరకు ధర తగ్గుతుంది. వారంటీ కూడా సాధారణంగా మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క. ఎన్ని నెలలు మిగిలిందో రాతపూర్వకంగా తీసుకోండి.

పాత కారుకైతే, బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. లోన్ ఉంటే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫారం 35 కూడా. పెండింగ్ చలాన్లు చూడండి. వేరే రాష్ట్రం బండి అయితే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది. చవకగా దొరికిందన్న లాభం అక్కడే పోతుంది.

కొత్త మోడల్ కావాలి, ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటాం అనుకుంటే డెమో. డ్రైవింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నా, చేతిలో డబ్బు తక్కువైనా, తెలిసినవాళ్ల పాత కారే తీసుకోండి. గీత పడినా టెన్షన్ ఉండదు.