అర్వైన్ నుంచి చాండ్లర్‌లో అక్కింటికి: ఏ దారి మేలు?

మేముండేది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో, అక్కా బావా ఉండేది అరిజోనాలోని చాండ్లర్‌లో. మధ్యలో ఉన్నదంతా ఎడారే. వెళ్లడానికి మూడు దారులున్నాయి, మూడింట్లోనూ వెళ్లాం. పోయిన డిసెంబరులో అనంతపురం నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లాక, ఏది మేలో నాకు స్పష్టంగా తెలిసింది.

తిన్నగా వెళ్లేది ఐ-10 హైవే. సుమారు 370 మైళ్లు, ఆగకుండా నడిపితే ఐదున్నర, ఆరు గంటలు. పామ్ స్ప్రింగ్స్ దగ్గర గాలిమరలు, బ్లైత్ దగ్గర కొలరాడో నది, అది దాటాక అక్కడక్కడా చేతులెత్తి నిలబడ్డ సువారో జెముళ్లు. చూడటానికి అంతే. పసిపిల్లలున్నా, ఒక్క రోజే సెలవున్నా ఇదే సరైనది. కాకపోతే ఇండియో దాటితే బ్లైత్ దాకా 95 మైళ్ల పాటు పెట్రోలు దొరికే చోట్లు చాలా తక్కువ. ఇండియోలోనే ట్యాంకు నింపుకోవాలి.

రెండోది జాషువా ట్రీ నేషనల్ పార్కు లోపలి నుంచి వెళ్లడం. పామ్ స్ప్రింగ్స్‌కు ముందే 62వ నంబరు రోడ్డెక్కి, పశ్చిమ ద్వారం గుండా పార్కులోకి వెళ్లి, దక్షిణాన కాటన్‌వుడ్ దగ్గర మళ్లీ ఐ-10లో కలవాలి. ఆగి చూస్తూ వెళ్తే మూడు గంటలు అదనం. అయినా నా ఓటు దీనికే.

పార్కులోని గుండ్రటి రాళ్ల గుట్టలు చూడగానే నాన్న కారు ఆపమన్నారు. "ఇవి మన పెనుకొండ బండలే కదరా!" అన్నారు. నిజంగానే అవీ గ్రానైట్ జాతి రాళ్లే. భూమి లోపల చల్లబడి, పగుళ్లలోకి దిగిన నీటికి అంచులు అరిగి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక అలా బయటపడ్డాయి. అంతవరకూ మౌనంగా కూర్చున్న మనిషి అక్కడి నుంచి చిన్నప్పుడు మేకలు తోలుకెళ్లిన గుట్టల గురించి చెప్తూనే ఉన్నారు. పిల్లలు తాతయ్య దగ్గర ఆ కబుర్లు వినడం అదే మొదటిసారి. ఆ బండల నీడలోనే పులిహోర, పెరుగన్నం తిన్నాం. దక్షిణానికి దిగుతుంటే, పార్కుకు ఆ పేరు తెచ్చిన జాషువా చెట్లు మాయమై చోయా జెముళ్ల తోట వస్తుంది. మొహావీ ఎడారి పోయి కొలరాడో ఎడారి మొదలయ్యే చోటది. ఆ ముళ్లు తగిలితే చాలు అంటుకుంటాయి, పిల్లల చెయ్యి వదలకండి. లోపల పెట్రోలు, తిండి దొరకవు, ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. మనిషికి ఒక గ్యాలన్ నీళ్లు పెట్టుకోవాలి.

మూడోది శాన్ డియాగో మీదుగా ఐ-8. ఓ 80 మైళ్లు ఎక్కువ. యూమాకు ముందు ఇంపీరియల్ ఇసుక తిన్నెలు మాత్రం అద్భుతం. 1915-16లో ఆ ఇసుక మీద చెక్క పలకలతో వేసిన రోడ్డు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ దారి మెక్సికో సరిహద్దు పక్కనే వెళ్తుంది కాబట్టి అమెరికా గస్తీవాళ్ల తనిఖీ ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు, విజిటర్లుగా వచ్చిన అమ్మానాన్నలు పాస్‌పోర్టు, అమెరికాలోకి వచ్చినట్టు చూపే ఐ-94 కాగితం దగ్గర ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. శాన్ డియాగోలో ఉండేవాళ్లకు ఇదే దగ్గరి దారి. మా ఊరి నుంచైతే చుట్టు తిరుగుడే.

అందుకే, నవంబరు నుంచి మార్చి లోపు వెళ్తుంటే, పోయేటప్పుడు పార్కు మీదుగా, వచ్చేటప్పుడు ఐ-10 మీద రండి. అందమైన దారిని తిరుగు ప్రయాణానికి అట్టిపెడితే అలసట, చీకటి తప్ప ఏమీ మిగలదు. మొదటిసారి మేం చేసిన తప్పు అదే. తెల్లవారి ఐదింటికే బయల్దేరండి. అక్కకు మాత్రం మధ్యాహ్నం భోజనానికి వస్తామని చెప్పకండి, రాత్రి భోజనానికని చెప్పండి. చలికాలంలో అరిజోనా గడియారం గంట ముందుంటుంది. అది మర్చిపోయి ఒకసారి ఆవిడను ఆకలితో కూర్చోబెట్టాం.

ఎండాకాలంలో అయితే పార్కు వద్దు, ఐ-10 మీదే వెళ్లండి. కాకపోతే ఆ దారిలోనూ అరిజోనా వైపు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా దుమ్ము తుఫాన్లు వస్తాయి. ఎదురైతే రోడ్డు దిగి బాగా పక్కకు ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసెయ్యాలి. లైటు వెలుగుతుంటే వెనకవాళ్లు అదే దారనుకుని వచ్చి గుద్దేస్తారు.

ఇంకొక్క మాట. తిరిగొచ్చేటప్పుడు అక్క ప్రేమగా కరివేపాకు మొక్క ఇస్తుంది. తేవద్దు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. ఇలాంటి పురుగులు రాకూడదనే బ్లైత్ దగ్గర కాలిఫోర్నియా తనిఖీ కేంద్రంలో మొక్కలు, పళ్ల గురించి అడుగుతారు. పచ్చడి, పొడులు సర్దించుకుని, మొక్కను అక్కింట్లోనే ఉంచి రండి.