పాత ఇటుకల కోసం రెండు రోజులు, మధ్యలో ఒక లాడ్జి బకెట్

పెరట్లో నడిచే దారి వేయాలనుకున్నప్పుడే లెక్క కట్టుకున్నాను. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు, అంటే 90 చదరపు అడుగులు. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉన్న ఇటుకని పడుకోబెట్టి పరిస్తే దాదాపు 320 పడతాయి. విరిగేవాటికి ఇంకో ముప్పై కలుపుకుంటే 350. ఒక్కోటి మూడు కిలోల పైమాటే కాబట్టి మొత్తం టన్ను దాటుతుంది. ఈ టన్ను సంగతి నాకు బయల్దేరే ముందు అంత పెద్దగా అనిపించలేదు.

కొత్తవి కొనకూడదని పంతం. డబ్బు ఒక కారణం, పాత ఇటుక రంగు ఇంకో కారణం. బావ కారు తీశాడు. నేను టేపు, చిన్న సుత్తి, గ్లవ్స్, ఊరెళ్లేటప్పుడు బ్యాగులు తూచుకునే కొక్కెం కాటా పట్టుకున్నాను.

మొదట వెళ్లింది పాత కట్టడాల సామాను అమ్మే యార్డుకి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే సుఖం: తలుపులు ఒకచోట, కిటికీ గ్రిల్స్ ఒకచోట, ఇటుకలు రంగుల వారీగా పేర్చి ఉంటాయి, నీడ ఉంటుంది, ఒక్కొక్కటీ చేత్తో తీసి చూసుకోనిస్తారు. కానీ ఆ ఏరివేతకీ పేర్పుకీ కూలి ఇటుక మీదే పడుతుంది కదా, ధర కొత్తదానికి దగ్గరగా వచ్చేసింది. పైగా ముందు వరసలో ఉన్నవి ఒకటికొకటి కొడితే ఖంగుమంటున్నాయి, లోపలి వరసలోవి డబ్బుమని మూగగా పలుకుతున్నాయి, ఒకదాని మీద గోటితో గీస్తే గాటు కూడా పడింది. "రెండు రకాలూ కలిపే ఇస్తాం" అన్నాడు యార్డాయన. నమూనాకి రకానికొకటి అడిగి తెచ్చుకున్నాను.

రాత్రికి రోడ్డు పక్క లాడ్జి. గది మామూలు, దుప్పటి శుభ్రం, ఫ్యాన్ గోల. మాకు కావలసినవి మాత్రం రెండూ ఉన్నాయి: సామాను దింపుకోవడానికి పార్కింగ్, బాత్రూంలో పెద్ద బకెట్. ఇటుకలు రెండూ తూచి బకెట్లో ముంచాను. అసలు 24 గంటలు నానాలి, మాకు దొరికింది పద్నాలుగే. మంచి ఇటుక తన బరువులో ఐదో వంతుకి మించి నీళ్లు తాగకూడదంటారు. పొద్దున తీసి తుడిచి తూచితే ఖంగుమన్నది 3.2 కిలోల నుంచి 3.7కి వచ్చింది, రెండోది 3.1 నుంచి ఏకంగా 4.0కి. గది చూడటానికి వచ్చిన కుర్రాడు తడి ఇటుకల్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "ఏరా, బకెట్ కడిగి పెట్టు, పరువు పోతుంది" అన్నాడు బావ.

రెండో రోజు ఒక పాత ఇల్లు కూలుస్తున్న చోటికి వెళ్లాం. తిరిగిన అన్నిటిలో నాకు నచ్చింది ఇదే. కూల్చేవాళ్లకి స్థలం ఖాళీ అవడం ముఖ్యం, అందుకే బేరం తొందరగా తెగుతుంది. షరతు ఒకటే, సాయంత్రంలోగా మీరే ఎత్తుకుపోవాలి. గోడ ఏ అడుసుతో కట్టారో ముందు చూడండి. సున్నంతో కట్టిందైతే తాపీ మొనతో రెండు దెబ్బలు వేస్తే పెచ్చు ఊడి ఇటుక నున్నగా బయటికొస్తుంది, సిమెంటైతే అడుసు అలాగే ఉండి ఇటుకే పగులుతుంది. మా అదృష్టం, వెనక గోడంతా సున్నమే. నాలుగు గంటలు కూర్చుని ఇద్దరం గీకితే వంద కూడా అవలేదు, మిగతావి గీకకుండానే ఎక్కించాం. ఆ ఇంటి తలుపుల మీద పొరలు పొరలుగా పాత పెయింట్ ఉంది, బావ మొక్కల తొట్లు చేద్దామన్నాడు, నేను వద్దన్నాను. పాత పెయింట్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము మన ఊపిరిలోకే. మూలనున్న పాత సిమెంటు రేకుల జోలికి కూడా పోలేదు, ఆస్బెస్టాస్ అయితే విరిచినప్పుడే ప్రమాదం.

దారిలో రాళ్లు కోసే ఫ్యాక్టరీ దగ్గర ఆగాం. అంచు ముక్కలు గుట్టగా పడేసి ఉంటాయి, దాదాపు ఉచితం. పాలిష్ వైపు పైకి పెడితే వానకి జారి పడతాం, గరుకు వైపే పైకి ఉండాలి. రెండు సెంటీమీటర్ల మందం ముక్కని ఉత్త ఇసుక మీద వేస్తే అడుగు పడగానే పగలొచ్చు, కింద గట్టి కాంక్రీటు ఉండాలి. పాదుల అంచులకి మాత్రం బాగుంటాయి, నిలువుగా పాతేసుకోవచ్చు. ఓ గోడౌన్ బయట చెక్క ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చే పలకలు, కూడా దొరికాయి. ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, తీసుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి, వదిలేశాం.

ఇక బండి. చిన్న బండి ఒక్క ట్రిప్పులో మోయదు, రెండు ట్రిప్పులకి కిరాయి ఇటుకల ధరని మించిపోయింది. ఆ టన్ను ఇక్కడ దెబ్బ కొట్టింది. డ్రైవర్ మంచివాడే, కానీ మొదటి ట్రిప్పు ఒక్కసారిగా గుమ్మరించేశాడు, ఇరవై దాకా ముక్కలయ్యాయి. రెండోసారి కూలి ఇచ్చి చేత్తో దింపించాను, మూడు మాత్రమే పోయాయి.

అన్నిటికంటే చవగ్గా వచ్చింది ఒక ఇంటివాళ్లు ఊరికే తీసుకెళ్లమన్న కంకర. బస్తాలు ఇచ్చి మరీ నింపించారు, ఎంత మంచివాళ్లో అనుకున్నాం. రెండు వారాలకి దారి పక్క కంకరలోంచి తుంగ మొలిచింది. పీకితే గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ వస్తోంది. ఇప్పుడు కంకరంతా జల్లెడ పడుతున్నాను, బావ ఫోన్ ఎత్తడం లేదు.