గిటార్ కోసమైతే కచేరీనా, సినిమానా? ఏది మేలు?

పెద్ద బ్యాండ్ ఏదైనా ఇండియాకి వస్తోందని తెలియగానే నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "టికెట్ రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, వెళ్లమంటారా? లేక వాళ్ల కచేరీ సినిమానే ఇంట్లో మంచి స్పీకర్లు పెట్టుకుని చూసేస్తే సరిపోతుందా?" ఈ మధ్య దీనికి ఇంకోటి తోడైంది. సంగీతకారుల జీవితకథలు వరసపెట్టి సినిమాలుగా వస్తున్నాయి కదా, అవి చూస్తే చాలదా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

జనం, కేకలు, ఊపు, ఫ్రెండ్స్‌తో సరదా... ఇవన్నీ మీకు తెలిసినవే, ఆ లెక్కలు మీరే వేసుకోండి. గిటార్ పిచ్చి ఉన్నవాడిగా నేను చూసేది ఒక్కటే. నోట్ వినబడిన క్షణంలో దాన్ని పలికించిన చెయ్యి కూడా కనబడుతోందా, లేదా?

గాత్రమైతే కళ్లు మూసుకుని వినొచ్చు. గిటార్ సంగతి వేరు. ఒకే నోట్ ఫ్రెట్‌బోర్డ్ (తీగలు నొక్కే, ఫ్రెట్లు అనే మెట్లున్న పలక) మీద నాలుగైదు చోట్ల దొరుకుతుంది. ఎక్కడ పట్టుకున్నాడు, తీగని ఎంత పక్కకి నెట్టాడు, వేలితో మీటాడా, పిక్ అనే చిన్న బిళ్లతోనా, దీన్ని బట్టి పలుకు మారిపోతుంది. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే తన గిటార్‌ని వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. మెడ చెక్క ఒక పాత ఫైర్‌ప్లేస్‌ది. ప్లాస్టిక్ పిక్ బదులు సిక్స్‌పెన్స్ నాణెంతో మీటుతాడు. నాణెం అంచు తీగకి గీసుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న గరుకుదనం, అది నాణెం అని కళ్లారా చూశాకే చెవికి పట్టుబడుతుంది. చూపు చెవికి పని నేర్పుతుందన్నమాట.

ఈ కొలబద్ద పెట్టుకుంటే మొదట తేలిపోయేది స్టేడియం కచేరీయే. చాలామందికి ఇది రుచించదని తెలుసు. కానీ నిజాయితీగా చెప్పండి, పెద్ద మైదానంలో మీరు చూసేది ఎవరిని? స్టేజ్ మీద అగ్గిపుల్లంత మనిషిని ఒక నిమిషం చూసి, మిగతా రెండు గంటలూ పక్కనున్న ఎల్ఈడీ స్క్రీన్‌నే చూస్తారు. అంటే వేల రూపాయలు పోసి, నిలబడి, సినిమాయే చూస్తున్నారు. పైగా ఆ సినిమాలో మాట, బొమ్మ కలవవు. గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. స్టేజ్‌కి వంద మీటర్ల వెనక ఉన్నారంటే, గిటారిస్ట్ తీగ మీటిన దాదాపు 0.3 సెకన్లకి శబ్దం మీ దగ్గరికి వస్తుంది. మధ్యలో నిలబెట్టిన స్పీకర్ టవర్లనీ ఆ ఆలస్యానికి తగ్గట్టే సెట్ చేస్తారు, లేకపోతే ముందు నుంచీ వెనక నుంచీ రెండుసార్లు వినబడి గందరగోళం అవుతుంది. స్క్రీన్ మీద బొమ్మ మాత్రం కాంతి వేగంతో వచ్చేస్తుంది. వేలు ముందు కదులుతుంది, నోట్ తర్వాత వస్తుంది. డ్రమ్స్ దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒకసారి గమనించారంటే ఇక ఆ రాత్రంతా అదే కనబడుతుంది (గుర్తుచేసినందుకు తిట్టుకోకండి).

అయితే స్టేడియం ఇచ్చే ఒకటి ఇంకెక్కడా దొరకదు. యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) హోరు పక్కటెముకల్లో తెలుస్తుంది. గిటార్‌ని స్పీకర్ ముందు పెట్టినప్పుడు శబ్దం తీగల్ని తిరిగి కదిలిస్తుంది, నోట్ చావకుండా పెరుగుతూ పోతుంది. ఆ ఫీడ్‌బ్యాక్‌ని హెడ్‌ఫోన్స్‌లో వింటే అది ఉత్త కీచుమనే చప్పుడు. గాలి కదులుతున్నచోట నిలబడి వింటే సంగీతం. ఒక్కసారైనా అది ఒంటికి తెలియాలి, కాదనను.

ఇంకో మినహాయింపు ఎడ్ షీరన్. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిలింసిటీలో జరిగిన కచేరీ గురించి ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ తర్వాత వారం బెంగళూరులో శిల్పారావుతో కలిసి "చుట్టమల్లే" తెలుగులోనే పాడాడని మనవాళ్లు తెగ మురిసిపోయారు కానీ, నాకు నచ్చింది అది కాదు. అతని ఆటంతా ఒక గిటార్, కాలి కింద ఒక లూప్ స్టేషన్. గిటార్ పెట్టె మీద అరచేత్తో తట్టి దాన్ని రికార్డు చేస్తాడు, అది తిరుగుతూ ఉండగా దాని మీద తీగల వరస, ఆపైన గొంతు. వెనక బ్యాండ్ వాయిస్తున్నట్టుండే చాలా పాటల్ని ఒక్క మనిషి మన కళ్ల ముందే పొరలు పొరలుగా పేరుస్తాడు. ఎంత దూరం నుంచి చూసినా ఏది ఎప్పుడు మొదలైందో అర్థమవుతుంది. గిటార్ పనితనం పరంగా అతను గొప్పవాడేం కాదని నా అభిప్రాయం. కానీ చెయ్యికీ శబ్దానికీ లింకు తెగకుండా స్టేడియంలో వాయించగలిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు కచేరీ సినిమాలు. ఇక్కడ అంతా కెమెరా పట్టినవాడి దయ. సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పలికే భాగం) మొదలవగానే కెమెరా గాయకుడి ముఖం మీదికో, ఏడుస్తున్న అభిమాని మీదికో పోతే, ఆ దర్శకుడికి గిటార్ అంటే లెక్కలేదని అర్థం. రెండు సెకన్లకో కట్ వేసేవి ఇంకా ఘోరం. మంచివి మాత్రం మొదటి వరస టికెట్ కన్నా ఎక్కువే ఇస్తాయి.

మార్టిన్ స్కోర్సెసీ తీసిన 'ది లాస్ట్ వాల్ట్జ్' చూడండి. ది బ్యాండ్ అనే బృందం 1976 నవంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో ఇచ్చిన వీడ్కోలు కచేరీ అది. సినిమా 1978లో వచ్చింది. అతిథిగా వచ్చిన గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ సోలో ఎత్తుకుంటాడు, అంతలో గిటార్ పట్టీ ఊడిపోతుంది. రెండు చేతులూ గిటార్ కిందపడకుండా పట్టుకోవడానికే సరిపోయాయి. పక్కనున్న ది బ్యాండ్ గిటారిస్ట్ రాబీ రాబర్ట్‌సన్ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ఆ సోలోని తన గిటార్ మీద అందుకుంటాడు. క్లాప్టన్ పట్టీ తగిలించుకుని మళ్లీ వచ్చి చేరతాడు. హాల్లో వెనక వరసల్లో ఉన్నవాళ్లకి అసలేం జరిగిందో తెలిసే ఉండదు. మనకి మాత్రం పట్టీ జారడం, రాబర్ట్‌సన్ చూపు తిప్పడం, వేళ్లు ఎక్కడ దిగాయో కూడా కనబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

అదే సినిమాలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట ఉంది. ఆ సమయానికి మిగతా కెమెరాలు రీళ్లు మార్చుకోవడానికి ఆగిపోయాయి. లాస్లో కోవాచ్ అనే కెమెరామన్ విసుగొచ్చి చెవిలో హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టేశాడు కాబట్టి ఆపమన్న మాట అతనికి వినబడలేదు, తీస్తూనే ఉన్నాడు. అందువల్ల ఆ పాట చాలా భాగం ఒకే కెమెరా, దాదాపు కట్ లేకుండా నడుస్తుంది. ప్లాన్ చేసి తీసినవాటి కన్నా ఆ పాటే బాగుందంటే ఏమనాలి! జొనాథన్ డెమ్మీ 1984లో టాకింగ్ హెడ్స్ మీద తీసిన 'స్టాప్ మేకింగ్ సెన్స్' అయితే ఈ సంగతి తెలిసే తీసిన సినిమా. ఖాళీ స్టేజ్ మీదికి ఆ బ్యాండ్ గాయకుడు డేవిడ్ బర్న్ ఒక అకూస్టిక్ గిటార్, ఒక టేప్‌రికార్డర్ పట్టుకుని ఒక్కడే వస్తాడు. తర్వాత పాటకొకరు చొప్పున మిగతావాళ్లు చేరతారు. చివరిదాకా జనం ముఖాలు దాదాపు చూపించడు. వాయించేవాళ్లని చూడ్డానికే వచ్చాం కదా మనం.

అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మాట కూడా చెప్పాలి. 1969 ఆగస్టులో అక్కడికి నాలుగు లక్షల పైచిలుకు జనం వచ్చారంటారు. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వంతు వచ్చేసరికి సోమవారం ఉదయం అయింది, అప్పటికే ఎక్కువమంది మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయారు. కుడిచేతివాటం గిటార్‌ని తిరగేసి ఎడమచేత్తో మీటుతూ అతను అమెరికా జాతీయగీతాన్ని బాంబుల మోతలా మార్చేసిన ఆ వాయిద్యాన్ని, అక్కడిదాకా వెళ్లినవాళ్లలో చాలామంది కన్నా, మరుసటి ఏడాది సినిమాహాల్లో కూర్చున్నవాళ్లే దగ్గరగా చూశారు.

సినిమా వైపు ఉన్న మచ్చని దాచను. 'లాస్ట్ వాల్ట్జ్' సౌండ్‌ని తర్వాత స్టూడియోలో బాగానే దిద్దారు, మళ్లీ వాయించి అతికించిన ముక్కలున్నాయి. చాలా కచేరీ సినిమాలకి, లైవ్ ఆల్బమ్‌లకి ఇది మామూలే. అంటే మీరు చూసే చెయ్యి, వినే నోట్ ఒకే రాత్రివి కాకపోవచ్చు. నా కొలబద్ద ప్రకారం ఇది చిన్న నేరం కాదు. అయినా క్లాప్టన్ పట్టీ ఊడినచోటుని కత్తిరించకుండా ఉంచారు చూడండి, అందుకు క్షమించేశాను.

గిటార్ మీద డాక్యుమెంటరీల్లో ఒక్కటి చూడమంటే 2008 నాటి 'ఇట్ మైట్ గెట్ లౌడ్' అంటాను. జిమ్మీ పేజ్, ది ఎడ్జ్, జాక్ వైట్ అనే ముగ్గురు రాక్ గిటారిస్టుల్నీ ఒకచోట కూర్చోబెట్టారు. మొదట్లోనే జాక్ వైట్ ఒక చెక్క ముక్కకి మేకులు కొట్టి, తీగ లాగి, తీగని ఎత్తిపట్టే బ్రిడ్జిలా కోక్ సీసాని పెట్టి, పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) తగిలించి యాంప్‌కి కలుపుతాడు. అంతే, గిటార్ అయిపోయింది. తర్వాత పేజ్ తన పాత రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) ఒకటి ఎత్తుకోగానే మిగతా ఇద్దరూ చిన్నపిల్లల్లా ముఖాలు పెట్టుకుని చూస్తుంటారు. అంతటి వాయిద్యగాళ్లు కూడా అతని చెయ్యినే చూస్తున్నారు మరి.

జీవితకథల సినిమాలకి ఎక్కువ చోటివ్వను. కథగా బాగుండొచ్చు, గిటార్ కోసమైతే వద్దు. చెయ్యి ఒకరిది, నోట్ ఇంకొకరిది అవడం అక్కడ పొరపాటు కాదు, పద్ధతే అది. క్వీన్ కథతో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ'లో లైవ్ ఎయిడ్ అనే కచేరీ ఘట్టంలో వేళ్లు గ్విలిమ్ లీ అనే నటుడివి, వినబడేది 1985 జూలై 13న వెంబ్లీలో బ్రయాన్ మే వాయించింది. అసలు వీడియో యూట్యూబ్‌లో ఉండగా ఇదెందుకు? మన 'రాక్‌స్టార్' (2011) కల్పిత కథే అయినా అదే తీరు. గిటార్ పట్టుకున్నది రణ్‌బీర్ కపూర్, గొంతు మోహిత్ చౌహాన్‌ది, "సాడ్డా హక్"లో ఆ సోలో గిటారిస్ట్ ఒరియాంతిది. 2024లో గాయకుడు బాబ్ డిలన్ మీద వచ్చిన 'ఎ కంప్లీట్ అన్‌నోన్' కాస్త నయం, టిమొతీ షాలమే కొన్నేళ్లు సాధన చేసి తనే పాడి వాయించాడు. కాకపోతే 1966లో మాంచెస్టర్‌లో డిలన్ మీద పడిన "జూడస్" (ద్రోహి) అనే కేకని తీసుకొచ్చి 1965 న్యూపోర్ట్ సంగీతోత్సవంలో పెట్టారు. ఇక మన తెలుగు హీరో కొండ మీద నిలబడి, ఏ వైరూ తగిలించని ఎలక్ట్రిక్ గిటార్‌తో ఊరంతా వినబడేలా వాయించడం గురించి వేరే చెప్పాలా!

లైవ్ స్ట్రీమింగ్ అంటారా? 2025 జనవరి 26న అహ్మదాబాద్ కోల్డ్‌ప్లే కచేరీని హాట్‌స్టార్‌లో ఇంట్లోంచే చూశాం కదా. పండగ పూట టీవీ పెట్టుకున్నట్టు బాగానే ఉంటుంది. రీల్స్ సంగతి వదిలేయండి.

మరి నా ఓటు దేనికి? చిన్న హాల్లో కచేరీకి. రెండొందల మంది పట్టే చోటు, మైకు ఉన్నా లేనట్టుండే చోటు. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి ఆవరణలో పేరు తెలియని కుర్రాడు నైలాన్ తీగల గిటార్ వాయిస్తుంటే, పట్టు మార్చినప్పుడు వేలు తీగ మీద జారిన చప్పుడు కూడా వినబడుతుంది. ఆ చప్పుడుని రికార్డింగుల్లో వీలైనంత తుడిచేస్తారు. అక్కడ తప్పు నోట్ పడితే అది పడినట్టే, దిద్దేవాడు లేడు. చిన్న హాల్ అందుబాటులో లేకపోతే మంచి కచేరీ సినిమా. స్టేడియం ఆ తర్వాతే. మీ అభిమాన బ్యాండ్ మళ్లీ రాదనుకుంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెళ్లిపోండి.

కొందరి విషయంలో మనకి ఎంచుకునే వీలే లేదు. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 2014లో 45 ఏళ్లకే పోయారు. గిటార్ కాదుగానీ అదీ ఫ్రెట్లున్న వాయిద్యమే. మెట్టు మెట్టుకీ ఆగిపోయే ఆ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు ఎలా పలికించారో తెలియాలంటే ఇప్పుడు మిగిలినవి వీడియోలే. ఆయనతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ 70ల్లో తన పాత బృందం శక్తి కోసం చేయించుకున్న గిటార్‌కి ఫ్రెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటలా చెక్కారు, తీగని బాగా లాగి గమకం తీయడానికి. పాత వీడియోల్లో కెమెరా దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆపి, వెనక్కి జరిపి చూడండి. కచేరీలో ఆ సౌకర్యం ఎలాగూ లేదు.

చిన్న హాల్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట. నేల మీద చాపలే వేసినా సరే, మధ్యలో కూర్చోకండి. కుడిచేతివాటం గిటారిస్ట్ అయితే ఫ్రెట్‌బోర్డ్ మీ కుడివైపుకి వస్తుంది, కాబట్టి తీగలు నొక్కే చెయ్యి చూడాలంటే కుడి పక్కకి కూర్చోండి, మీటే చెయ్యి చూడాలంటే ఎడమకి. వేళ్లతో మీటేవాళ్లయితే నేను ఎడమే ఎంచుకుంటాను. స్టేడియంకైతే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. మెడికల్ షాపుల్లోనే దొరుకుతాయి.