లీనియర్ ఆల్జీబ్రానా, డిఫరెన్షియల్ ఈక్వేషన్సా? రెండూ చదివి, రెండూ చెప్పాక నా మాట

సెమిస్టర్ మొదలయ్యే ముందు నెల్లూరులో నా దగ్గరికి లెక్కలకు వచ్చే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, రెండిట్లో ఏది స్కోరింగ్?"

మార్కుల సంగతి ముందే తేల్చేస్తాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్సే స్కోరింగ్. లెక్క చూడగానే అది ఎగ్జాక్టా, లీనియరా, బెర్నౌలీనా, ఏ రకం ఈక్వేషన్ అని పోల్చుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. ఇంటర్ 2బి చివర్లో కొంత చదివే ఉంటారు కాబట్టి కొత్త కూడా అనిపించదు. చాలామంది ఇక్కడితో ఆగి పేపర్ ఎంచుకుంటారు. నేను ఈ రెండు కోర్సులూ డిగ్రీలో చదివాను, పీజీలో మళ్ళీ చదివాను, ఆ తర్వాత ఏళ్ళ తరబడి రెండూ చెబుతున్నాను. పరీక్ష అయిపోయాక ఏది మన దగ్గర మిగులుతుందన్నది నాకు ముఖ్యం. ఒకటే తీసుకునే వీలుంటే లీనియర్ ఆల్జీబ్రా తీసుకోండి. రెండూ తీసుకునే వీలుంటే అదే ముందు తీసుకోండి.

బీటెక్ వాళ్ళకు ఎటూ ఎంపిక లేదు. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్, రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్, రెండూ చదవాల్సిందే. వరస కూడా నేను చెప్పేదే. ఎంచుకోవాల్సి వచ్చేది మైనర్ సబ్జెక్టుగా లెక్కలు తీసుకునేవాళ్ళకి, డీమ్డ్ యూనివర్సిటీల్లో ఎలక్టివ్ ఉన్నవాళ్ళకి, స్వయం పోర్టల్‌లో క్రెడిట్ల కోసం కోర్సు చేసేవాళ్ళకి.

లీనియర్ ఆల్జీబ్రా మొదటి నెల కష్టంగానే ఉంటుంది. ఇంటర్ 1ఏలో మేట్రిక్సులు బాగా చేసినవాళ్ళు కూడా వెక్టర్ స్పేస్ నిర్వచనం దగ్గర బిక్కమొహం వేస్తారు. ఒకదాని వెంట ఒకటి నియమాలు, బేసిస్, డైమెన్షన్, లీనియర్ ఇండిపెండెన్స్. వేసుకోవడానికి బొమ్మ ఉండదు, చేయడానికి లెక్క ఉండదు. కావలి నుంచి వచ్చే ఒక అమ్మాయి మూడో వారంలోనే పేపర్ మార్చుకుంటానంది. ఐగెన్ విలువల చాప్టర్ వరకు ఆగమన్నాను. ఆగింది, ఆ తర్వాత మార్చుకునే మాట ఎత్తలేదు.

ఆ చాప్టర్‌లో ఏముందో ఒక లెక్కతో చూపిస్తాను. మా ఇందుకూరుపేట, అల్లూరు వైపు పిల్లలకు రొయ్యల నీళ్ళలో సెలినిటీ, అంటే ఉప్పదనం, ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఎప్పుడూ ఇదే చెబుతాను. వెయ్యేసి లీటర్ల ట్యాంకులు రెండున్నాయి. ఒకదాంట్లో సెలినిటీ 30 పీపీటీ (వెయ్యి వంతుల్లో 30 వంతులు ఉప్పు), రెండోదాంట్లో 10. పంపు పెట్టి గంటకు 100 లీటర్లు అటు, 100 లీటర్లు ఇటు మారుస్తున్నాం. ఏ ట్యాంకులో నీళ్ళు ఆ ట్యాంకులో బాగా కలిసిపోతున్నాయి. ఏ గంటకు ఎందులో ఎంత సెలినిటీ ఉంటుంది?

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పేపర్ నేర్పే దారిలో వెళితే ఒక్కో ట్యాంకుకు ఒక సమీకరణం రాసి, వాటిలో ఒకదాన్ని మళ్ళీ డిఫరెన్షియేట్ చేసి, రెండోదాన్ని అందులో పెట్టి, సెకండ్ ఆర్డర్ ఈక్వేషన్ తెచ్చుకుని, ఆక్సిలరీ ఈక్వేషన్ రాసి, స్థిరాంకాలు కనుక్కోవాలి. పేజీ నిండుతుంది. జవాబు కరెక్టే, కానీ ట్యాంకుల్లో ఏం జరిగిందో ఆ పేజీలో కనపడదు.

ఇప్పుడు రెండు సెలినిటీలనూ విడివిడిగా కాకుండా వాటి మొత్తాన్నీ, తేడానూ పట్టుకోండి. అటు పోయిన ఉప్పు ఇటు చేరుతోంది కాబట్టి మొత్తం 40 ఎప్పటికీ 40గానే ఉంటుంది. తేడా మాత్రం గంటకు 0.2 వంతు రేటున తగ్గుతూ పోతుంది. అంటే మొదట 20 ఉన్న తేడా దాదాపు మూడున్నర గంటలకు 10 అవుతుంది. అప్పుడు ఒక ట్యాంకులో 25, రెండోదాంట్లో 15. చివరికి రెండూ 20కి చేరతాయి. లెక్క రెండు లైన్లలో అయిపోయింది. ట్యాంకుల రెండు సమీకరణాలనూ కలిపి ఒక మేట్రిక్స్‌గా రాస్తే, ఆ మొత్తం, ఆ తేడా అన్నవే దాని ఐగెన్ వెక్టర్లు, అంటే రెండోదాంతో పని లేకుండా దేని రేటున అది మారేవి. ఆ రేట్లు సున్నా, మైనస్ 0.2 దాని ఐగెన్ విలువలు. ట్యాంకులు రెండు కాక పది ఉన్నా దారి ఇదే. మొదటి పద్ధతిలో పది ట్యాంకుల లెక్క చేత్తో చేయడం ఎవరి తరమూ కాదు.

ఇది డిఫరెన్షియల్ ఈక్వేషన్ లెక్కే, కానీ అర్థమైంది లీనియర్ ఆల్జీబ్రా వల్ల. అందుకే అది ముందు రావాలని పట్టుబడతాను. పైగా బయట ఎదురయ్యే డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో చాలావాటికి సూత్రంతో జవాబు రాదు, కంప్యూటర్‌కు ఇవ్వాలి. వంతెన మీద బరువైనా, ఇనుప రేకులో వేడైనా కంప్యూటర్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, చివరికి వేల లీనియర్ సమీకరణాలుగా మార్చి సాధిస్తుంది. ఇక సెర్చ్ ఫలితాలకు వరస ఇవ్వడానికి 1998లో గూగుల్ వాళ్ళు రాసిన పేజ్‌ర్యాంక్ కూడా ఒక పెద్ద మేట్రిక్స్ ఐగెన్ వెక్టరే.

అలాగని డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌ను తక్కువ చేయను. ప్రపంచం కదులుతున్నప్పుడు పట్టుకునే లెక్క అది. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేస్తే మా మేడల మీంచి కనిపిస్తుంది, పిల్లలందరూ చూసినవాళ్ళే. ఇంధనం మండేకొద్దీ రాకెట్ బరువు తగ్గుతుంది, బరువు తగ్గేకొద్దీ వేగం ఎక్కువ పెరుగుతుంది. దీన్ని సమీకరణంగా రాసి వేరియబుల్స్ వేరుచేసి ఇంటిగ్రేట్ చేస్తే రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం వస్తుంది. ఇంటర్ స్థాయి పద్ధతే! మొదటి బరువుకూ చివరి బరువుకూ నిష్పత్తి 5 ఉంటే వచ్చే వేగానికి రెట్టింపు కావాలంటే నిష్పత్తి 10 చాలదు, 25 కావాలి. రాకెట్‌ను దశలు దశలుగా ఎందుకు కడతారో ఆ ఒక్క లైన్‌తో తెలిసిపోతుంది. ఈ లెక్క చెప్పిన రోజు క్లాసులో ఎవరూ వాచీ చూసుకోరు.

బాధేమిటంటే ఈ పేపర్‌ను ఇలా చెప్పేవాళ్ళు తక్కువ. నేను చదివిన కాలేజీలో ఏ రకం ఈక్వేషన్‌కు ఏ స్టెప్పులో అన్నదే చెప్పారు, ఆ ఈక్వేషన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. అలా చదివిన స్టెప్పులు రెండేళ్ళు తిరక్కుండానే మర్చిపోతాం. కాబట్టి పేపర్ ఎంచుకునే ముందు ఎవరు చెబుతున్నారో సీనియర్లను అడగండి. నిజంగా బాగా చెప్పే సార్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కు ఉంటే, పైన నేను చెప్పిన సలహా పక్కన పెట్టి ఆ క్లాసులో కూర్చోండి.

గేట్ రాసేవాళ్ళకు లెక్క వేరు. సీఎస్ పేపర్‌లో లీనియర్ ఆల్జీబ్రా ఉంది, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లేవు. 2024లో కొత్తగా పెట్టిన డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్‌లోనూ అంతే. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్, ఈసీఈ వాళ్ళకు రెండూ ఉన్నాయి. ఎమ్మెస్సీ కోసం ఐఐటీ జామ్ మ్యాథ్స్ రాసేవాళ్ళకూ రెండూ కావాలి.

ఏది తీసుకున్నా ముందు కొంచెం సిద్ధం కండి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అయితే 2బి ఇంటిగ్రేషన్ చాప్టర్ మళ్ళీ తిరగేయండి, ముఖ్యంగా పార్షియల్ ఫ్రాక్షన్స్, బై పార్ట్స్. చాలామంది తప్పేది ఈక్వేషన్ దగ్గర కాదు, ఇంటిగ్రల్ దగ్గర. లీనియర్ ఆల్జీబ్రా అయితే మూడు సమీకరణాలు, మూడు తెలియని రాశులు ఉన్న లెక్కలు రో ఆపరేషన్లతో, మైనస్ గుర్తు తప్పకుండా వచ్చేదాకా చేయండి. మొదటి నెల గడవడానికి అది చాలు.