ఆవకాయ వాసనకి 75 డాలర్లు

మా వాడు యూనివర్సిటీ ఆఫ్ డాలస్‌లో ఎంబీఏ పూర్తి చేశాడు. మే నెలలో స్నాతకోత్సవం ఉంటే నేనూ మా ఆవిడా వెళ్ళాం. పేరుకి డాలస్ గానీ క్యాంపస్ ఉన్నది పక్కనే ఇర్వింగ్‌లో, తెలుగు వినపడని కిరాణా కొట్టు లేదనిపించే ఊరు. వాడి అపార్ట్‌మెంట్లో ఐదుగురు కుర్రాళ్ళున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకని హోటల్ తీసుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం.

రాత్రికి 84 డాలర్లన్నారు, పన్నులతో 97 అయింది. కౌంటర్ దగ్గర డిపాజిట్ అని కార్డు మీద ఇంకో 100 ఆపేశారు. కార్పెట్ నుంచి ముక్కిపోయిన వాసన, ఏసీ రాత్రంతా గడగడ, ఉచిత టిఫిన్ అంటే రెండు ఎండిపోయిన బన్నులు. అవి తినలేక మా ఆవిడ మైక్రోవేవ్‌లో అన్నం వేడిచేసి, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ కలిపింది. మూడో రోజు ఖాళీ చేస్తుంటే గదిలో మసాలా వాసన వస్తోంది, శుభ్రం చేయించాలంటూ డిపాజిట్లో 75 డాలర్లు కోసేశారు! కార్పెట్ ముక్కిపోయిన వాసన మాత్రం వాళ్ళకి తగల్లేదు. మా ఆవిడ ఆ పూటంతా నాతో కూడా మాట్లాడలేదు, హోటల్ బుక్ చేసింది నేను కదా.

క్యాంపస్ మాత్రం నాకు బాగా నచ్చింది. నేను విజయవాడ లయోలాలో చదివినవాణ్ణి, ఫాదర్ల కాలేజీ అంటే నాకు ముందే ఓ లెక్కుంది. ఇదీ కేథలిక్ వాళ్ళదే. మా లయోలా పెట్టింది 1953లో, ఇది 1956లో. అప్పుడు 96 మందితో మొదలైందట, ఇప్పటికీ చిన్నదే. హంగరీలో కమ్యూనిస్టులు మఠాలు మూయించాక పారిపోయి వచ్చిన సిస్టర్షియన్ అనే కేథలిక్ శాఖ సన్యాసులు తొలినాళ్ళలో ఇక్కడ పాఠాలు చెప్పారు. వాళ్ళ మఠం దగ్గర్లోనే ఉంది, 1992 నాటి చర్చి, ఒక్కో సున్నపురాయి రెండు టన్నులకి పైమాటే. మే ఎండలో కూడా లోపల చల్లగా ఉంది, మా ఆవిడ కోపం కాస్త దిగింది అక్కడే. క్యాంపస్‌లోని బ్రానిఫ్ టవర్ దగ్గర ఫోటో దిగాం.

డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది రెండో ఏడాది ఓ సెమిస్టర్ రోమ్ దగ్గరున్న సొంత క్యాంపస్‌లో చదువుతారు, ఈ రోమ్ సెమిస్టర్ పద్ధతి 1970 నుంచీ ఉంది. ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ పండగ చేస్తారు: ఉడత జాతి జంతువొకటి బొరియలోంచి వచ్చి తన నీడ చూసుకుంటే చలి ఇంకా ఉన్నట్టట. అన్నిటికన్నా పెద్ద పండగ అదేనని మావాడంటాడు. వాడు చదివింది సతీష్, యాస్మిన్ గుప్తాల పేరున్న బిజినెస్ కాలేజీలో, ఆ పేరు చూసి మా ఆవిడ "మనవాళ్ళే కదూ" అంది.

స్నాతకోత్సవం బాగా జరిగింది.

వెళ్ళేవాళ్ళకి ఒకే మాట, ఎయిర్‌పోర్టు నుంచి క్యాబ్ ఎక్కకండి. అక్కడి సిటీ రవాణా సంస్థ డార్ట్ వాళ్ళ ఆరెంజ్ లైన్ రైలు యూనివర్సిటీ పేరున్న స్టేషన్లోనే దింపుతుంది, మాకు తలా 3 డాలర్లే అయ్యింది. స్టేషన్ నుంచి ఎండలో నడకుంది, నీళ్ళసీసా ఉంచుకోండి. మేం చివరి రెండు రాత్రులూ మావాడి హాల్లోనే దుప్పట్లు పరుచుకున్నాం. మిగిలిన ఆవకాయ సీసా ఆ ఐదుగురూ ఒక్క పూటలో గీకేశారు.