పాత సినిమాలు, దూరదర్శన్ సీరియళ్లు: ఏ ప్రతి చూడాలి, ఏది వదిలేయాలి

మాయాబజార్ రంగుల ప్రతి ఇంట్లో ఉంటే ఉండనివ్వండి. పిల్లలకు మొదటిసారి చూపించేది మాత్రం నలుపు తెలుపుదే కావాలి. 2010లో రంగులద్దినవాళ్ల శ్రమ చిన్నది కాదు. అయినా 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెలుగునీడలనే నమ్ముకుని తీసిన బొమ్మ అది. ‘లాహిరి లాహిరి’ పాటలో నీళ్ల మీద వెన్నెల తెల్లగా మెరిసి, పక్కనే చీకటి చిక్కగా ఉంటేనే అది రాత్రి. రంగుల్లో ఆ చీకటి పలచబడింది, మొహాలన్నీ ఒకే ఛాయకు వచ్చాయి.

అంతకన్నా పెద్ద దెబ్బ చట్రం మీద పడింది. పాత సినిమా బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. దాన్ని వెడల్పు తెరకు నిండుగా తేవాలంటే పైనా కిందా కోయక తప్పదు. ‘అహ నా పెళ్ళంట’ పాటలో సావిత్రిని చూడండి. పెళ్లికూతురి ఒయ్యారంలోంచి ఉన్నట్టుండి ఘటోత్కచుడి ఠీవి బయటపడుతుంది, ఘంటసాల గొంతు కలిసేదీ అక్కడే. భుజాలు, చేతులు, అడుగులు అన్నీ ఒకేసారి కనపడితేనే ఆ మార్పు తెలుస్తుంది. పాదాలు కోసేస్తే ఆ నటనలో సగం పోయినట్టే.

ఇంట్లో టీవీ 16:9 వెడల్పు. పాత బొమ్మ దాదాపు 4:3, దాన్ని తెర నిండా పరిచే పద్ధతులు రెండే. సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కుతారు. జూమ్ చేసి కోస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. సాగిందో లేదో తెలుసుకోవడానికి గుండ్రని వస్తువును పట్టుకోండి: రథచక్రం, చంద్రుడు, ఎదురుగా నిలబెట్టిన పళ్లెం. కోడిగుడ్డులా కనిపిస్తే సాగదీసినట్టే. కోశారో లేదో పేర్లు పడేటప్పుడు చూడాలి. పై వరుస అక్షరాలు అంచుకు ఆనుకున్నా, నుదుటి బొట్టు దగ్గరే మొహం తెగినా అది కోసిన ప్రతి. సాగదీసినదాన్ని సరిచేయొచ్చు, రిమోట్‌లో పిక్చర్ సైజ్ 4:3 పెడితే చాలు. కోసినదానికి మందు లేదు, ఇంకో ప్రతి వెతుక్కోవాల్సిందే. హన్మకొండలో, కాజీపేటలో చాలా ఇళ్లల్లో పక్కన నల్లపట్టీలు కనపడితే టీవీ చెడిపోయిందనుకుని జూమ్ నొక్కేస్తారు. ఆ పట్టీలు ఉండాల్సినవే, ఉండనివ్వండి.

కొన్ని స్మార్ట్ టీవీల్లో యూట్యూబ్ నడిచేటప్పుడు పిక్చర్ సైజ్ మారదు. అప్పుడు దగ్గరున్న ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో నడిపి, హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపండి. ‘ఏ’ మీట నొక్కుతూ పోతే 4:3 వస్తుంది. కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ‘డి’ నొక్కాలి. పాత ప్రసారంలో ఒక బొమ్మను రెండు సగాలుగా, గీత విడిచి గీత పంపేవారు. ఆ సగాలు సరిగ్గా కలవకపోతే ఈ గీతలు వస్తాయి. టీవీలో మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. సెకనుకు 24 బొమ్మలే ఉన్న సినిమాలో ఈ మోషన్ స్మూతింగ్ మధ్యలో కొత్త బొమ్మలు కల్పించి చేరుస్తుంది. ఎస్వీ రంగారావు గద ఊపినా బరువు తెలియదు.

నిడివి చూసి కోత పడిందని తొందరపడొద్దు. మన టీవీ పద్ధతి సెకనుకు 25 బొమ్మలు. 24 బొమ్మల సినిమాను అలాగే 25కు నడిపితే 184 నిమిషాల మాయాబజార్ 177 నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క సీనూ పోదు. పోయేది శ్రుతి. ఘంటసాల గొంతు కాస్త పైకి ఎక్కుతుంది, పాటలు చెవికెక్కిన పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు. అసలు నిడివిని 0.96తో గుణించి చూడండి. దానికన్నా తక్కువ ఉంటే కత్తెర పడ్డట్టే.

ఇక సీరియళ్లు. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున వీధులు ఖాళీ చేయించిన రామానంద్ సాగర్ రామాయణం ఈ రోజు వరుసగా చూడటం కష్టం. ఒక్క మాటకు సభలో అందరి మొహాలూ చూపిస్తారు, బాణాలు గాల్లో ఎదురెదురు వచ్చి ఢీకొనడం ఎన్నిసార్లో. అరవింద్ త్రివేది రావణుడి కోసం లంకలోని భాగాలు చూడండి, అక్కడ బిగువుంది. 2020 మార్చి 28న మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్తతరం కూడా కూర్చుంది కదా అంటారు. లాక్‌డౌన్‌లో ఇంకేం చూస్తారు?

బీఆర్ చోప్రా మహాభారతం మాత్రం నిలిచింది, కారణం రాహీ మాసూమ్ రజా రాసిన మాటలు. సంస్కృతం కలిసిన హిందీ కాబట్టి తెలుగువాళ్లకు సగం తెలిసినట్టే ఉంటుంది. 94 భాగాల్లో జూదం, ద్రౌపది సభ, కృష్ణరాయబారం తప్పకుండా చూడాలి. యుద్ధం మొదలయ్యాక అవే ఏనుగులు, అవే గుర్రాలు. అక్కడ గీత ఒక్కటి విని మిగతాది దాటేయొచ్చు.

2001లో జెమినీలో మొదలైన అమృతం ఇప్పటికీ నవ్విస్తుంది. అమృతం పాత్రలో ముగ్గురు నటులు మారారు. నా దృష్టిలో మొదటివాడు శివాజీరాజాయే సరైనవాడు. అయితే బండిని లాగింది అంజి, అంటే గుండు హనుమంతరావు.

ఓరుగల్లు వైపు వాళ్లకు అన్నిటికన్నా ముందు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. పెద్ద హిట్ సినిమాలు ఎన్నో మన తెలంగాణ యాసను రౌడీ నోటికో, పనివాడి నోటికో అంటగట్టి నవ్వించుకున్నాయి. ఆ పాపం ఎంత పాతదైనా క్షమించలేం. 1980లో థియేటర్లకొచ్చిన ‘మా భూమి’ సినిమాలో అదే భాష కథానాయకుడిది. కడవెండి, పాలకుర్తి రైతాంగ పోరాట ముచ్చట్లు వింటూ పెరిగినవాళ్లకు గద్దర్ ‘బండెనక బండి కట్టి’ ఎత్తుకోగానే ఒళ్లు జలదరిస్తుంది. లోపాలూ ఉన్నాయి: శబ్దం ఒకచోట పెద్దగా, ఒకచోట సన్నగా ఉంటుంది, చివరి పోరాటం తొందరగా చుట్టేశారు.

బి.నర్సింగరావు దాసి (1988) ఇంకా గొప్పది. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు తెచ్చింది. కళాదర్శకత్వానికి అవార్డు అందుకున్నది మన బూరుగుపల్లి చిత్రకారుడు వైకుంఠం. దొర ఉండే గడీలో వెట్టి ఎలా ఉండేదో ఉపన్యాసం లేకుండా చూపించారు. దాసిలో మాటలు తక్కువ, గదుల్లో చీకటి ఎక్కువ. టీవీ వివిడ్ మోడ్‌లో ఉంటే ఆ చీకటి వట్టి నల్లమచ్చ అవుతుంది. సినిమా మోడ్ పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడండి.

ఇంట్లో రికార్డు చేసుకున్న పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణాల గురించి కూడా చెప్పాలి. క్యాసెట్ నడిచినంతసేపూ ఈ పని పడుతుంది, మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు. గంటలో ఐదు ఇస్తామన్నవాళ్ల దగ్గర ఎన్ని వీసీఆర్‌లు ఉన్నాయో అడగండి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే శుభ్రం చేయకుండా నడపనివ్వద్దు, వీసీఆర్ హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లనూ పాడుచేస్తుంది. హెచ్‌డీ చేసిస్తామని అదనంగా అడిగితే వద్దనండి, చాలాచోట్ల అది సాగదీయడమే. 720×576 సైజులో, 4:3గా, సెకనుకు 8 మెగాబిట్లతో (ఎంబీపీఎస్) ఎంపీ4 ఫైల్ చాలు. గంటకు సుమారు 3.6 జీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, సినిమా మధ్యలో ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేయించండి, మీ టీవీ దాన్ని చదవకపోతే గంటకో ముక్క చేయమనండి. డబ్బు ఇచ్చేముందు ప్రతి ఫైల్ చివరి ఐదు నిమిషాలు అక్కడే నడిపించి చూడండి, మాట ముందూ పెదవులు వెనకా కావడం బయటపడేది చివర్లోనే.